నాన్న కెమెరా చేతికొచ్చాక

"విప్పావా, బాబూ?"

నా సంచిలోంచి యాషికా కెమెరాను బయటికి తీస్తూ ఆ పెద్దాయన అడిగిన మొదటి మాట అది. ఊరూ పేరూ ఆ తర్వాతే అడిగారు. విజయవాడలో ఒక మేడ మీద, ఒకే కిటికీ ఉన్న గదిలో ఆయన కెమెరాలు బాగుచేస్తారు. "లేదండీ" అనబోయి ఆగాను. విప్పాను. మూడు స్క్రూల తలలు నా చేతిలోనే అరిగాయి. లోపలి అద్దం మీది సన్నటి గీతలు నా చేతిరుమాలు పెట్టినవే. అన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. కెమెరాను కిటికీ వైపు తిప్పి చూసి, "ఇరవై ఏళ్ళు బీరువాలో ఉన్నా దీనికి ఇంత దెబ్బ తగల్లేదు బాబూ," అన్నారు.

నాన్న తెనాలి దగ్గర ఫొటో స్టూడియో నడిపేవారు. 2003లో మూసేశారు. ఆయన పోయాక, పెద్దకర్మ అయిన సాయంత్రం బీరువా తెరిస్తే అడుగు అరలో తోలు కేసులో యాషికా మ్యాట్-124జి కనబడింది. ఇది 1970 నుంచి 1986 దాకా తయారైన కెమెరా. పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు. పైదానితో చూడాలి, కిందదానితో తీయాలి. 120 సైజు రీలు మీద చదరంగా 12 బొమ్మలు వస్తాయి. "నువ్వు మిషన్ల పనిలో ఉన్నావుగా, నువ్వే ఉంచుకోరా," అన్నాడు అన్నయ్య.

మిషన్ల పనిలో ఉన్నమాట నిజమే. విశాఖలో ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ప్రెషర్ గేజీలు, థర్మోకపుల్స్, కంట్రోల్ వాల్వులు నా రోజువారీ పని. ఏ గేజీ బల్ల మీదికొచ్చినా ముందు అది ఎలా వచ్చిందో అలాగే పరీక్షించి రీడింగు రాస్తాం. దాన్ని వచ్చినప్పటి రీడింగు అంటాం. సర్వీసు చేశాక మళ్ళీ పరీక్షించి పంపేటప్పటి రీడింగు రాస్తాం. ఆ మొదటి రీడింగు లేకుండా స్క్రూ కదిపినవాడికి మా దగ్గర మెమో వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా చేతికి పట్టిన ఆ అలవాటును నాన్న కెమెరా ముందు మరిచిపోయాను.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు బ్యాంకులో పనిచేస్తున్నా, బడిలో పాఠాలు చెబుతున్నా, షిఫ్టు డ్యూటీ చేస్తున్నా, ఇంట్లో పెద్దల కెమెరా ఒకటి మీ చేతికి వస్తే మొదటి సాయంత్రం చేయాల్సిన పనులు రెండే: చూడటం, చూసింది రాసుకోవడం.

అన్నిటికంటే ముందు లోపల రీలు ఉందేమో తెలుసుకోండి. 35 ఎంఎం కెమెరా అయితే ఎడమవైపు పైన రీలు వెనక్కి చుట్టే పిడి ఉంటుంది. దాన్ని బాణం గుర్తు చూపే వైపు మెల్లగా తిప్పండి. వదులుగా తిరుగుతూ పోతే దాదాపుగా ఖాళీ అనుకోవచ్చు. బిగుతుగా తగిలితే లోపల రీలుంది. అడుగున ఉండే చిన్న బటన్ నొక్కి, బిగువు తెగి వదులయ్యేదాకా వెనక్కి చుట్టి, ఆ తర్వాతే వెనక తలుపు తీయండి. 120 రీలు వేసే కెమెరాల్లో వెనక్కి చుట్టడం ఉండదు. అంకెల గడిలో ఏదైనా నంబరు కనిపిస్తే రీలు సగంలో ఉన్నట్టే. చివరిదాకా ముందుకే చుట్టి తీయాలి. పిడి కదలకపోతే బలవంతం చేయకండి. రాత్రి లైట్లు ఆపి, మందపాటి రజాయి కింద చేతులు పెట్టి, చేతి తడుముడుతో తీయవచ్చు. లేదా మెకానిక్‌కి అలాగే ఇస్తే, ఫొటోగ్రాఫర్లు వాడే నల్ల సంచిలో పెట్టి ఆయనే తీస్తారు. ఆ సాయంత్రం మా యాషికా గడిలో 7 కనిపించింది. చూశాను, దాని అర్థం తట్టలేదు. తలుపు తీశాను. "ఇదేం కాగితం" అనుకుంటూ రీలు వెనక కాగితాన్ని గోటితో పక్కకి జరిపి, ట్యూబులైటు కింద చూశాను. నాన్న తీసిన ఆఖరి రీలు అది.

రెండోది అద్దం. రిఫ్లెక్స్ కెమెరాల్లో లోపలి అద్దానికి వెండిపూత ముందువైపే ఉంటుంది. మన ఇంటి అద్దంలా గాజు వెనక ఉండదు. గుడ్డ పెట్టి తుడిస్తే పూత గీసుకుపోతుంది. గాలి బల్బుతో ఊదండి, అంతకు మించి ముట్టుకోకండి. అద్దం మీది దుమ్ము ఫొటోలోకి రాదు, చూసే తెర మీద మాత్రమే కనబడుతుంది.

ఇక బ్యాటరీ గది తెరిచి చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి పట్టి ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. ఎదురుగా సెల్ఫ్‌టైమర్ మీట ఉంటే దాని జోలికి వెళ్ళకండి. ఏళ్ళ తరబడి కదలని టైమర్ సగంలో చిక్కుకుపోతే దానితోపాటు షట్టర్ కూడా ఆగిపోతుంది. కెమెరాను తోలు కేసులోంచి తీసి బయట ఉంచండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అదే నారుమడి. సీరియల్ నంబరు, లెన్సు మీది అక్షరాలు, ఎక్కడెక్కడ సొట్టలున్నాయి, ఏది తిరుగుతోంది, ఏది తిరగడం లేదు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. మీ కెమెరాకు వచ్చినప్పటి రీడింగు అదే.

ఆ తర్వాత మీ మోడల్‌కి సంబంధించిన అసలు మాన్యువల్ వెతికి చదవండి. చాలా పాత మోడళ్ళ మాన్యువళ్ళ స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. "పాత కెమెరాలన్నీ ఒకటే" అనుకునేవాడి చేతిలో అవి తొందరగా పాడవుతాయి. ఒక ఉదాహరణ చెబుతాను. 124జిలో ఉన్నది లెన్సు మధ్యలో రేకులు తెరుచుకునే కోపల్ షట్టర్. అందులో 1/500 స్పీడు పెట్టాలంటే షట్టర్‌ని బిగించే పిడి తిప్పకముందే పెట్టుకోవడం మంచిది. బిగించాక ఆ స్పీడుకి మార్చితే లోపలి స్ప్రింగు మీద భారం పడుతుంది. సోవియట్ కెమెరాలు ఫెడ్, జోర్కీలకు నియమం తలకిందులు. ముందు బిగించాలి, తర్వాతే స్పీడు మార్చాలి. లేకపోతే లోపలి యంత్రం దెబ్బతింటుంది. ఒకదాని అలవాటు రెండోదాన్ని చంపుతుంది.

మన ఇళ్ళలో కనిపించే మరికొన్నిటి సంగతీ చెప్పాలి. యాషికా ఎలక్ట్రో 35 ఉంటే, అది బ్యాటరీ లేకుండా ఒక్క 1/500 స్పీడులోనే పనిచేస్తుంది. "మీటర్ పోయింది" అని దాన్ని పాత సామాన్లకు వేసినవాళ్ళున్నారు. ముందు సరైన బ్యాటరీ వేసి చూడండి. రీలు చుట్టే మీట తిప్పినప్పుడు దాని పొట్టలోంచి 'టక్' మనే శబ్దం రావాలి. రాకపోతే లోపల ఒక చిన్న రబ్బరు ముక్క కరిగిపోయినట్టు. ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు అది, తెలిసిన మెకానిక్ చేతిలో నయమవుతుంది. జెనిట్-ఇ లాంటివాటిలో లెన్సు పైన తేనెపట్టులా కనిపించేది సెలీనియం మీటర్, దానికి బ్యాటరీ అక్కర్లేదు. అది చచ్చిపోయినా కెమెరా చచ్చినట్టు కాదు, వెలుగును కొలవడానికి ఫోన్‌లో మీటర్ యాప్ చాలు. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000 మీకు దక్కితే సంతోషించండి. బ్యాటరీ మీటర్‌కి మాత్రమే, మిగతాదంతా యంత్రమే, బాగుచేయడం తెలిసిన చేతులూ ఎక్కువే.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మీ ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ ఉందేమో చూడండి. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, లెన్సును వెలుతురున్న కిటికీ వైపు పెట్టి, వెనకనుంచి ఫోన్‌తో తీస్తూ షట్టర్ నొక్కండి. తర్వాత వెలుగు కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టండి. 1 సెకను స్పీడుకి 240 ఫ్రేములు రావాలి, 1/30కి 8, 1/60కి 4. అంతకంటే వేగమైనవాటికి ఈ లెక్క నమ్మదగ్గది కాదు. అయినా పాత షట్టర్లలో ముందుగా చెడేవి నెమ్మది స్పీడులే, ఎందుకంటే వాటిని నడిపే చిన్న పళ్ళచక్రాల మీద పాత నూనె జిగురులా గడ్డకడుతుంది. రీలు తీయించాక మా యాషికాలో 1 సెకను పెడితే షట్టర్ తెరుచుకుని, మూసుకోవడమే మరిచిపోయింది. 1/30కి 13 ఫ్రేములు వచ్చాయి. 1/60కి సరిగ్గా 4. ఈ మూడు అంకెలు రాసిన కాగితం చూసి పెద్దాయన మొహం వెలిగింది. "జబ్బు పేరు రాసుకొచ్చావు, నాకు సగం పని తగ్గింది," అన్నారు.

లెన్సు చూడటానికి చీకటి గదిలో టార్చి పట్టి, నొక్కినంతసేపూ తెరిచి ఉంచే 'బి' మీద షట్టర్‌ని తెరిచి, వెలుగు ఏటవాలుగా పడేటట్టు చూడండి. చెట్టు వేళ్ళలా, సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. పొగ పట్టినట్టు అంతా ఒకేలా మసగ్గా ఉంటే లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకున్న పొర కావచ్చు. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోంది. మొదటి రెండూ శుభ్రం చేసే అవకాశం ఉన్నవి, మూడోది చాలావరకు కాదు. ఒక్క దుమ్ము కణం, ఒక చిన్న గీత ఫొటోను పాడుచేయవు. వాటి కోసం లెన్సు విప్పించకండి.

ఇప్పుడు మీ చేతులతో మీరు చేసుకోగల పనులు. వీటిలో నాకు బాగా నచ్చింది స్పాంజి మార్చడం. పాత జపాన్ కెమెరాల వెనక తలుపు గాడుల్లో వెలుగు చొరబడకుండా నల్ల స్పాంజి పట్టీలు ఉంటాయి. ఒకే లెన్సుతో చూసి, తీసే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలైతే అద్దం పైకి లేచినప్పుడు తగిలే చోట కూడా ఒకటి. ఇరవై, ముప్పై ఏళ్ళకు అవి కరిగి తారులా అంటుకుంటాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో ఐపిఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు. పుల్లకు దూది చుట్టి దానిలో ముంచి, పిండి, గాడి వెంట తుడవండి. లోహపు మొన వాడకండి, వెదురు పుల్ల చాలు. పని మొదలుపెట్టకముందే షట్టర్ తెర మీద కాగితం కప్పి అంచులకు టేపు వేయండి. ఆ తారు ముక్క ఒకటి తెర మీద పడితే స్పాంజి పని షట్టర్ పనిగా మారుతుంది. ఆల్కహాల్ ఎక్కువ పోస్తే రంగు కరుగుతుంది, ప్లాస్టిక్ కిటికీలు మసకబారతాయి.

గాడులు శుభ్రమయ్యాక సన్నటి గాడుల్లో నల్ల ఊలు దారం ఒత్తుకుంటూ పోతే సరిపోతుంది. తలుపు మడత దగ్గర మాత్రం ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల మందం నల్ల ఫోమ్ కావాలి. వెనక జిగురున్న ఫోమ్ అయితే అతికించేముందు జిగురు వైపు కొంచెం నీటితో తడపండి. వెంటనే పట్టుకోదు కాబట్టి జరిపి సరిచేసుకోవడానికి వీలు దొరుకుతుంది. ఒక ఆదివారం ఉదయం రెండు గంటల పని ఇది. అయ్యాక తలుపు మూసినప్పుడు వచ్చే మెత్తటి శబ్దమే వేరు.

బ్యాటరీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 124జి మీటర్ కోసం చేసిన పిఎక్స్ 625 బ్యాటరీ పాదరసంతో తయారైంది, 1.35 వోల్టులు. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఆగిపోయింది. అదే సైజులో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు. అది వేస్తే సూది కదులుతుంది, కానీ అబద్ధం చెబుతుంది, పైగా బ్యాటరీ అరిగేకొద్దీ ఆ అబద్ధం కూడా మారుతూ పోతుంది. చెవి మిషన్లకు వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, చివరిదాకా దాదాపు అంతే ఇస్తుంది. సైజు చిన్నది కనుక చుట్టూ ఒక రబ్బరు వాషర్ తొడిగితే గదిలో సరిపోతుంది. చెవి మిషన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. స్టిక్కరు పీకాక వాడినా వాడకపోయినా కొద్ది వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు పనిచేస్తుంది. పాత బ్యాటరీ కారి పొడి పట్టిన చోట చేతికి తొడుగు వేసుకుని, దూదిపుల్లతో వెనిగర్ రాసి, ఆరాక ఐపిఏతో తుడవండి. పాత పాదరసం బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

మీరు చేయకూడనివి ఇంతే స్పష్టంగా ఉండాలి. లోపల ఫ్లాష్ ఉన్న కెమెరాను విప్పకండి. బ్యాటరీ తీసేసినా దాని కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉండవచ్చు. నేను ఇన్‌స్ట్రుమెంట్ పనివాణ్ణి, అయినా ఆ పని మా ఎలక్ట్రికల్ మిత్రుడికే వదిలేస్తాను. షట్టర్ రేకుల మీద నూనె చుక్క వేయకండి. తలుపు బందులకు కొట్టే స్ప్రే నూనె కెమెరా దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. లెన్సు రేకులు పొడిగా ఉండాలి, నూనె తగిలితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. లెన్సు లోపలి గాజులు, ఫోకస్ మరలు విప్పకండి. ఫోకస్ మరకు మొదలు ఒకటే కనిపించినా పట్టుకోగల చోట్లు చాలా ఉంటాయి. తప్పు చోట పట్టుకుంటే దూరపు వస్తువులు ఎప్పటికీ స్పష్టంగా రావు.

ఇక మెకానిక్ దగ్గరికి. హైదరాబాద్ కోఠి ప్రాంతంలో, ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌధరి కెమెరా బజారులో ఇప్పటికీ అడిగితే దారి చూపేవాళ్ళుంటారు. మీ ఊళ్ళో అయితే ముందు పాత స్టూడియో యజమానులను అడగండి. ఇరవై ఏళ్ళు తన కెమెరా ఎవరి చేతికి ఇచ్చాడో ఆయనకు గుర్తుంటుంది. దొరికిన మనిషిని ధర ఒక్కటే అడగొద్దు. ఈ మోడల్ ఇంతకుముందు విప్పారా, స్పేరు పార్టులు ఎక్కడినుంచి తెస్తారు, పని అయ్యాక స్పీడులు ఎలా పరీక్షిస్తారు, ఈ మూడూ అడగండి. మీరు ఏం చేశారో దాచకుండా చెప్పండి. దాచిన స్క్రూ ఆయనకు దొరికేటప్పటికి ఒక రోజు పని వృథా అవుతుంది, ఆ రోజుకి డబ్బు మీరే కడతారు. కాగితం రాయించుకోండి: సీరియల్ నంబరు, చేయబోయే పని, ఒప్పుకున్న మొత్తం, అంతకు మించితే ఫోన్ చేసి అడగాలన్న మాట. గడువు విషయంలో మాత్రం ఆయన్ని ఒత్తిడి పెట్టకండి. తొందరపెట్టిన గేజీ మళ్ళీ బల్ల మీదికే వస్తుందని మాకు అనుభవం.

ఖర్చు సంగతి. సర్వీసు ఛార్జీ, పార్టులు, పరీక్షకు రెండు రీళ్ళూ వాటిని కడిగించే ఖర్చూ, ఈ మూడూ కలిపి లెక్క వేసుకోండి. చాలామంది మొదటిది మాత్రమే చూసి దిగుతారు. మొత్తం కలిపితే అదే మోడల్ పనిచేసే స్థితిలో కొనుక్కోగలిగే డబ్బు కంటే ఎక్కువ కావచ్చు. అయినా చేయించాలనిపిస్తే చేయించండి, కానీ తెలిసి చేయించండి. నెల జీతంలోంచి ఇంటి అవసరాలు తీశాక మిగిలిన డబ్బు లోపలే అది జరగాలి. అప్పు చేసి బాగుచేయించిన కెమెరాతో ఫొటో తీసేటప్పుడు చేతికి స్థిమితం ఉండదు.

మీరే పని నేర్చుకోవాలనుకుంటే మొదటి విప్పుడు నాన్న కెమెరా మీద వద్దు. అదే మోడల్ చచ్చినది ఒకటి కొనండి. దాన్ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పండి. రెండోసారి ఒక్క స్క్రూ కూడా మిగలకుండా బిగించగలిగితే అప్పుడు ఆలోచించండి. పని చేసే సమయం ఆదివారం ఉదయం, ఫలహారం అయ్యాక, కిటికీ వెలుతురులో. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన రోజు అసలు ముట్టుకోవద్దు. అలసిన చేతికి బిగువు తెలియదు. నా మూడు స్క్రూలూ రాత్రి పదకొండు తర్వాత అరిగినవే.

ఆ స్క్రూలు అరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. జపాన్ స్క్రూ తల మామూలు ప్లస్ గుర్తులాగే కనబడుతుంది గానీ దాని గుంట ఆకారం వేరు. మన ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, తిప్పగానే పైకి లేచి అంచులు చెక్కేస్తుంది. జేఐఎస్ గుర్తున్న స్క్రూడ్రైవర్లు వేరే దొరుకుతాయి. చిన్నవి రెండు మంచివి కొనుక్కుంటే జీవితకాలం వస్తాయి. కొన్ని కెమెరాల్లో మీట మీది మూతకు ఎడమ మర ఉంటుంది. తిరగకపోతే బలం పెంచకుండా అటువైపు తిప్పి చూడండి. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిస్తే జారిన స్ప్రింగు దొర్లిపోదు. స్క్రూలకు నేను మా నాయనమ్మ వామనగుంటల పీట వాడతాను. పద్నాలుగు గుంటలు, పై వరస ఎడమనుంచి కుడికి, తర్వాత కింది వరస. విప్పిన వరసలో నింపుతాను, వెనకనుంచి ఖాళీ చేస్తూ బిగిస్తాను. ప్రతి గుంటకీ ఫోన్‌లో ఒక ఫొటో. లైటరు పెట్రోలుతో జిడ్డు కడిగే పని ఉంటే వంటిల్లూ పూజగదీ దాటి, గాలి ఆడే వరండాలోకి వెళ్ళండి.

బాగయ్యాక మొదటి రీలు పెళ్ళికి తీసుకెళ్ళకండి. ఇంటి దగ్గరే, నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి బొమ్మకీ స్పీడు, అపర్చర్, దూరం రాస్తూ తీయండి. కడిగి వచ్చాక ప్రింట్లు కాదు, నెగటివ్‌లు చూడండి. అవి చెప్పే కబుర్లు స్పష్టంగా ఉంటాయి. నల్లటి చార బొమ్మ దాటి ఫిల్ము అంచుల్లోకి కూడా పాకితే వెలుగు వెనక తలుపులోంచి వస్తోంది, స్పాంజి మళ్ళీ చూడండి. చార బొమ్మ లోపలే ఆగితే దోషం లెన్సు, షట్టర్ వైపు ఉంది. బొమ్మలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే చుట్టే యంత్రానిది తప్పు. నెమ్మది స్పీడులో తీసినవి మాత్రమే దట్టంగా నల్లబడితే పాత జిగురు ఇంకా మిగిలి ఉంది. ఈ నోటు పుస్తకమే మీ పంపేటప్పటి రీడింగు, వారంటీ మాట్లాడటానికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది కూడా ఇదే.

దాచుకోవడం దగ్గర మన కోస్తావాళ్ళం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ గాలిలో వానాకాలం నెలల్లో తోలు బూజు పట్టడం చూస్తూనే ఉంటాం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, పక్కన తేమ చూపే చిన్న మీటర్. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానండి, తవుడూ పురుగులూ లోపలికి పోతాయి. నెలకోసారి తీసి, అన్ని స్పీడుల్లో ఖాళీగా నొక్కండి. వాడే షట్టరే బతుకుతుంది.

ఒకటి రెండు కెమెరాలు చేశాక చుట్టుపక్కలవాళ్ళు తెస్తారు. నాకూ తెచ్చారు. ఇక్కడ జీతగాళ్ళకు నేను చెప్పగలిగింది కొంత ఉంది. ప్రభుత్వ ఉద్యోగులైతే ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. ప్రైవేటువాళ్ళు నియామక పత్రంలో ఏం రాసుందో చదవండి. డబ్బు తీసుకునేముందు ఇది తేలాలి. తర్వాత, మీరు చేతులారా విప్పి బిగించిన ఒకటి రెండు మోడళ్ళు మాత్రమే తీసుకోండి. నేను స్పాంజి పని అన్నిటికీ చేస్తాను, షట్టర్ పని యాషికా మ్యాట్‌కి తప్ప దేనికీ చేయను. వచ్చిన ప్రతిదానికీ రశీదు రాస్తాను: వచ్చినప్పటి స్పీడులు, సొట్టలు, లెన్సు పరిస్థితి, లోపల రీలు ఉందా లేదా. చేయలేకపోయిన పని కూడా అందులోనే. ఒకామె తన మామగారి కెమెరా తెచ్చి, "ఎంతైనా ఇస్తాను, బాగుచేయండన్నా" అంది. లెన్సు జిగురు విడిపోయింది. "దీనికి డబ్బు పెట్టొద్దమ్మా, తుడిచి అద్దాల పెట్టెలో పెట్టుకోండి," అన్నాను. ఆ మాట అనడానికి సంపాదన మీద ఆశ అడ్డు రాకూడదు. ఉద్యోగం ఉన్నవాడికి ఉన్న సౌకర్యం అదే, దాన్ని వదులుకోకండి.

రశీదు రాసే అలవాటు నాకు కర్మాగారం ఒక్కటే నేర్పలేదు. నాన్న స్టూడియోలో పొడుగాటి రిజిస్టరు ఉండేది. తేదీ, నెగటివ్ నంబరు, సైజు, అడ్వాన్సు, డెలివరీ.

ఆ ఆఖరి రీలు గురించి చెప్పి ఆపుతాను. మీకూ అలాంటిది దొరకవచ్చు. పాత రీలును మామూలు రీళ్ళతో కలిపి ల్యాబులో ఇచ్చేయకండి. ముందు అది ఏ రకమో చూడండి. ఇప్పుడు కలర్ రీళ్ళు కడిగే సి-41 పద్ధతి 1972లో వచ్చింది. అంతకుముందటి కలర్ రీళ్ళకూ, 2011 జనవరితో కడగడం ఆగిపోయిన కోడాక్రోమ్‌కూ మిగిలిన దారి నలుపు తెలుపుగా కడగడమే. రంగులు రావు, మనుషులు వస్తారు. మాది నలుపు తెలుపే. పెద్దాయన నల్ల సంచిలో పెట్టి దాన్ని తీసి, చుట్టి, రేకు కాగితంలో మూసి ఇచ్చారు. ముందు మూడు కొత్త రీళ్ళు కడిగి చేయి కుదిరాకే దాన్ని ముట్టుకున్నాను. విశాఖ కుళాయి నీళ్ళు ఎండాకాలం 30 డిగ్రీలు దాటతాయి, కడిగే మందుకి 20 కావాలి. ఐసు గిన్నెలో డబ్బా పెట్టి, థర్మామీటర్ పట్టుకుని దించాను.

ఆరు బొమ్మల్లో, నేను కాగితం జరిపి చూసిన చోటివి రెండూ పూర్తిగా నల్లబడ్డాయి. నాలుగు మిగిలాయి. అంచులు మసకబారినా మధ్య భాగం నిలిచింది. నాలుగింటిలోనూ ఒకే పిల్ల. మూడు నాలుగేళ్ళుంటాయి, స్టూడియో స్టూలు మీద కూర్చుంది. వెనక తెర పక్కనుంచి ఒక ఆడమనిషి చెయ్యి, పిల్ల పడిపోకుండా నడుం దగ్గర పట్టుకుని ఉంది.

ఊరెళ్ళినప్పుడు రిజిస్టరు ఆఖరి పేజీ తీసి చూశాను. నాన్న చేతిరాత: 'పాప, మెయిన్ రోడ్డు బట్టల కొట్టు పక్క ఇల్లు, పాస్‌పోర్టు 3, అడ్వాన్సు ముట్టింది.' డెలివరీ గడి ఖాళీగా ఉంది. మూడు కాపీలు ప్రింటు వేయించి కవర్లో పెట్టాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి దగ్గర అడుగుతాను.